డిగ్రీలో అకర్బన రసాయన శాస్త్రం: గోదావరి డెల్టా విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఎంపీసీ, బైపీసీ పూర్తిచేసి రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, నరసాపురం వైపు కాలేజీల్లో బీఎస్సీ కెమిస్ట్రీ తీసుకున్నవాళ్ళ కోసం ఈ పేజీ. సిలబస్‌లో పాఠాల వరస ఏడాదిని బట్టి మారుతూ ఉంటుంది కాబట్టి యూనిట్ నంబర్ల జోలికి వెళ్ళలేదు. వరస ఎలా ఉన్నా అవసరమయ్యే సంగతులే రాశాం.

ఇంటర్‌లో చదివేసిందే కదా, మళ్ళీ కొత్తగా ఏముంది?

పాఠాల పేర్లు అవే, అడిగే తీరు వేరు. ఎంట్రన్స్ పరీక్షలో నాలుగు జవాబుల్లో సరైనదాన్ని గుర్తుపడితే చాలు. డిగ్రీలో నైట్రోజన్ అయనీకరణ శక్తి ఆక్సిజన్ కంటే ఎందుకు ఎక్కువో ఒక పేజీ రాయమంటారు. "సగం నిండిన ఆర్బిటాళ్ళు స్థిరమైనవి" అన్న ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే సగం మార్కులే. ఎందుకు స్థిరమో కూడా చెప్పాలి. బిట్లకు అలవాటుపడినవాళ్ళు మొదటి ఇంటర్నల్‌లో దెబ్బతినేది ఇక్కడే.

అకర్బనం అంటే అంతా బట్టీయేనా?

కాదు. కంఠస్థం చెయ్యక తప్పనివి కొన్ని ఉన్నాయి, అవేమిటో ముందే తేల్చుకోండి: మొదటి 36 మూలకాల వరస, వాటి ఎలక్ట్రాన్ విన్యాసాలు, మామూలుగా కనిపించే అయాన్ల ఆవేశాలు, లవణ విశ్లేషణలో గ్రూపుల వరస, అవక్షేపాల రంగులు. మిగతాది చాలావరకు మూడు ప్రశ్నల్లోంచి వస్తుంది. బయటి ఎలక్ట్రాన్‌ను కేంద్రకం నికరంగా ఎంత లాగుతోంది? అయాన్ ఎంత చిన్నది, దాని మీద ఆవేశం ఎంత? ఆ ఎలక్ట్రాన్ ఏ ఆర్బిటాల్‌లో ఉంది?

రెండో ప్రశ్ననే తీసుకుందాం. సోడియం అయాన్ వ్యాసార్థం 102 పికోమీటర్లు, మెగ్నీషియం అయాన్‌ది 72, అల్యూమినియం అయాన్‌ది 53.5. ఆవేశం ఒకటి, రెండు, మూడు అని పెరుగుతుంటే పరిమాణం తగ్గిపోతోంది. అందుకే అల్యూమినియం అయాన్ తన చుట్టూ చేరిన నీటి అణువుల్లోని ఆక్సిజన్ దగ్గర్నుంచి ఎలక్ట్రాన్లను గట్టిగా లాగుతుంది. ఆ నీటి అణువులు ప్రోటాన్‌ను వదిలేస్తాయి, ద్రావణం ఆమ్లమవుతుంది. ఉప్పు నీళ్ళు తటస్థంగా ఉండి పటిక నీళ్ళు నీలి లిట్మస్‌ను ఎర్రగా మార్చడానికి కారణం ఇదే. వరదల రోజుల్లో గోదావరి ఎర్రనీళ్ళలో పటిక తిప్పితే మట్టి అడుక్కి దిగుతుంది కదా, దాని వెనక ఉన్నదీ ఈ అయానే. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. మూడు ధనావేశాలున్న అయాన్ దాన్ని సులువుగా తటస్థం చేస్తుంది, జిగురులాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఆ రేణువులను పట్టుకుని కిందికి దిగుతుంది. అనార్ద్ర అల్యూమినియం క్లోరైడ్‌కు సమయోజనీయ స్వభావం ఎక్కువ అనీ, దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉత్పతనం చెందుతుందనీ చదువుతారు. ఫజాన్ నియమాల (అయానిక బంధంలోకి సమయోజనీయ స్వభావం ఎప్పుడు వస్తుందో చెప్పేవి) కింద వేరే పాఠంలో వచ్చినా అదీ ఇదే కథ. ఒక కారణం పట్టుకుంటే నాలుగు వాస్తవాలు దాని వెంటే వస్తాయి.

4ఎస్ ముందు నిండుతుందంటారు, ఎలక్ట్రాన్లు పోయేటప్పుడూ 4ఎస్‌వే ముందు పోతాయంటారు. రెండూ ఎలా నిజం?

చాలామందిని ఇబ్బందిపెట్టే ప్రశ్న ఇది. లెక్క వేస్తే తేలిపోతుంది. స్లేటర్ 1930లో ఇచ్చిన నియమాల ప్రకారం ఎస్, పి ఎలక్ట్రాన్లకు అదే గుంపులోని ఇతర ఎలక్ట్రాన్ ఒక్కొక్కటి 0.35 చొప్పున, ఒక మెట్టు లోపలి కక్ష్యలోవి 0.85 చొప్పున, ఇంకా లోపలివి 1.00 చొప్పున కేంద్రకాన్ని అడ్డుకుంటాయి. 1ఎస్‌లో మాత్రం 0.35 బదులు 0.30. డి ఎలక్ట్రాన్ల విషయంలో లోపలి గుంపులన్నీ 1.00 చొప్పునే.

పొటాషియం చివరి ఎలక్ట్రాన్‌ను 4ఎస్‌లో ఉంచితే అడ్డు 8 × 0.85 + 10 × 1.00 = 16.8. కేంద్రకావేశం 19 కాబట్టి నికరంగా 2.2. అదే ఎలక్ట్రాన్‌ను 3డిలో పెడితే అడ్డు 18, నికరం 1.0 మాత్రమే. అందుకే 4ఎస్‌లో చేరుతుంది. ఇప్పుడు జింక్ చూడండి. 4ఎస్ ఎలక్ట్రాన్‌కు అడ్డు 0.35 + 18 × 0.85 + 10 = 25.65, నికరం 4.35. 3డి ఎలక్ట్రాన్‌కు అడ్డు 9 × 0.35 + 18 = 21.15, నికరం 8.85. అక్కడికొచ్చేసరికి 3డి లోపలికి దిగిపోయి గట్టిగా బిగిసింది, 4ఎస్ బయట వదులుగా మిగిలింది. నిండేటప్పుడు చూసే పరమాణువు వేరు, ఎలక్ట్రాన్ తీసేటప్పుడు చూసే పరమాణువు వేరు. కేంద్రకావేశం మారగానే ఆర్బిటాళ్ళ శక్తి వరస కూడా మారింది.

ఇలాంటి లెక్కలు సోడియం నుంచి జింక్ దాకా ఉన్నవాటిలో ఏవైనా పది మూలకాలకు మీ చేత్తో వేయండి. ఆవర్తన ధర్మాల పాఠం సగం అక్కడే అయిపోతుంది.

ఆవర్తన పట్టికలో మినహాయింపులు గుర్తుండటం లేదు.

మినహాయింపును అంకెతో, కారణంతో కలిపి రాసుకోండి. బెరీలియం మొదటి అయనీకరణ శక్తి మోల్‌కు 899, బోరాన్‌ది 801 కిలోజౌళ్ళు: బోరాన్‌లో పోయేది 2పి ఎలక్ట్రాన్, దాని శక్తి 2ఎస్ కంటే ఎక్కువ. నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314: ఆక్సిజన్‌లో ఒక 2పి ఆర్బిటాల్‌లో ఇద్దరు కలిసి ఉండాల్సి వచ్చింది, వికర్షణ పెరిగింది, పైగా నైట్రోజన్‌లో ఎలక్ట్రాన్ తీస్తే మూడు సమాంతర స్పిన్‌ల వినిమయ శక్తి లాభం కొంత పోతుంది, ఆక్సిజన్‌లో పోదు. గాలియం అల్యూమినియం కింద ఉన్నా వాటి అయనీకరణ శక్తులు దాదాపు సమానం (578, 579): మధ్యలో వచ్చిన పది 3డి ఎలక్ట్రాన్లు సరిగా అడ్డుపడలేదు. జిర్కోనియం, హాఫ్నియం పరిమాణంలో కవలల్లా ఉండటానికి లాంథనైడ్ సంకోచం కారణం. అక్కడ సరిగా అడ్డుపడనివి 4ఎఫ్ ఎలక్ట్రాన్లు. చివరి రెంటికీ సూత్రం ఒక్కటే కదా.

వీఎస్ఈపీఆర్, సంకరీకరణం, అణు ఆర్బిటాల్ సిద్ధాంతం: ఏది ఎప్పుడు వాడాలి?

ఆకృతి అడిగితే వీఎస్ఈపీఆర్ (ఎలక్ట్రాన్ జంటల వికర్షణ సిద్ధాంతం). మధ్య పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్ జంటలు లెక్కపెట్టి, ఒంటరి జంటలకు ఎక్కువ చోటు ఇస్తే క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ టీ ఆకారమనీ, జెనాన్ టెట్రాఫ్లోరైడ్ సమతల చతురస్రమనీ వచ్చేస్తుంది. సంకరీకరణం ఆ ఆకృతిని బంధాల భాషలో చెప్పడానికే. ముందు సంకరీకరణం ఊహించి దాన్నుంచి ఆకృతి రాబట్టాలని చూస్తే తప్పులు వస్తాయి.

అయస్కాంత ధర్మం, బంధక్రమం అడిగితే అణు ఆర్బిటాల్ సిద్ధాంతం. ఆక్సిజన్‌కు మామూలు చుక్కల బొమ్మ గీస్తే అన్నీ జంటలే, కానీ ద్రవ ఆక్సిజన్ అయస్కాంతానికి అతుక్కుంటుంది. అణు ఆర్బిటాల్ చిత్రంలో రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు పై (π) యాంటీబాండింగ్ ఆర్బిటాళ్ళలో కనిపిస్తాయి. ఒక ఎలక్ట్రాన్ తీసేస్తే బంధక్రమం 2 నుంచి 2.5 అవుతుంది, బంధం 121 నుంచి 112 పికోమీటర్లకు కురుచవుతుంది. రెండు చేర్చి పెరాక్సైడ్ చేస్తే బంధక్రమం 1, బంధం పొడవు దాదాపు 149. పరీక్షలో ఎక్కువమంది పోగొట్టుకునే మార్కు శక్తి మట్టాల వరసలో ఉంటుంది: నైట్రోజన్ వరకు 2పి సిగ్మా (σ) కంటే పై (π) ఆర్బిటాళ్ళు కింద, ఆక్సిజన్ నుంచి సిగ్మా కింద. నైట్రోజన్ దాకా 2ఎస్, 2పి శక్తులు దగ్గరగా ఉండి కలుస్తాయి కాబట్టి సిగ్మా పైకి నెట్టబడుతుంది.

సాల్ట్ ఎనాలిసిస్‌లో గ్రూపుల వరస తప్పితే ఏమవుతుంది?

మొత్తం చెడిపోతుంది. ఆ వరస ద్రావణీయతా లబ్ధాల (ఎంత తక్కువైతే అంత తక్కువ కరుగుతుందని చెప్పే అంకెలు) మీద కట్టింది. రెండో గ్రూపులో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం సమక్షంలో హైడ్రోజన్ సల్ఫైడ్ పంపుతారు. ఆమ్లం గాఢత 0.3 మోలార్ దగ్గర ఉంటే సమ అయాన్ ప్రభావం వల్ల సల్ఫైడ్ అయాన్లు అతి తక్కువ. ద్రావణీయతా లబ్ధం 10⁻³⁶ స్థాయిలో ఉన్న కాపర్ సల్ఫైడ్‌కు ఆ కొంచెమే చాలు. దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ లబ్ధం ఉన్న జింక్, మాంగనీస్ సల్ఫైడ్లకు చాలదు, అవి నాలుగో గ్రూపులో అమ్మోనియా చేరాకే పడతాయి. ఆమ్లం తక్కువైతే జింక్ రెండో గ్రూపులోనే పడిపోతుంది. ఎక్కువైతే కాడ్మియం, లెడ్ పడకుండా కిందికి జారిపోతాయి.

మూడో గ్రూపు ముందు చెయ్యాల్సినవి మూడున్నాయి, మూడూ తొందరలో వదిలేసేవే. ఒకటి, వడపోసిన ద్రావణాన్ని మరిగించి హైడ్రోజన్ సల్ఫైడ్ పూర్తిగా పోగొట్టాలి. ఆవిరికి లెడ్ అసిటేట్ కాగితం నల్లబడకూడదు. లేకపోతే అమ్మోనియా కలపగానే నాలుగో గ్రూపు సల్ఫైడ్లు ఇక్కడే పడతాయి. రెండు, నాలుగైదు చుక్కల గాఢ నత్రికామ్లం వేసి మళ్ళీ మరిగించాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇనుమును ఫెర్రస్ రూపంలోకి దించి ఉంటుంది, ఫెర్రస్ హైడ్రాక్సైడ్ ఇక్కడ పూర్తిగా పడదు. దాన్ని ఫెర్రిక్ చెయ్యాలి. మూడు, అమ్మోనియం హైడ్రాక్సైడ్ కంటే ముందు ఘన అమ్మోనియం క్లోరైడ్ ధారాళంగా వెయ్యాలి. అది హైడ్రాక్సైడ్ అయాన్లను అణిచి ఉంచకపోతే మెగ్నీషియం, మాంగనీస్ కూడా ఇక్కడే పడతాయి.

అల్యూమినియం హైడ్రాక్సైడ్ దాదాపు పారదర్శకంగా ఉంటుంది. "అవక్షేపం లేదు" అని రాసేముందు పరీక్షనాళిక వెనక నల్ల కాగితం పెట్టి, రెండు నిమిషాలు ఆగి చూడండి.

మూడో గ్రూపులో తెల్లటి అవక్షేపం బాగా వచ్చి, నిర్ధారణ పరీక్షల్లో అల్యూమినియం రాకపోతే ఆక్సలేట్, ఫాస్ఫేట్, బోరేట్, ఫ్లోరైడ్‌లలో ఏదో ఉందని అనుమానించండి. క్షార ద్రావణంలో ఇవి కాల్షియం, బేరియంలను తమతో లాగి మూడో గ్రూపులోనే పడేస్తాయి. అందుకే ఆనయాన్లు ముందు తేల్చి, అడ్డొచ్చేవాటిని తీసేశాకే మూడో గ్రూపుకి వెళ్ళాలి.

అమ్మోనియం పరీక్ష ఎప్పుడూ అసలు లవణంతోనే. గ్రూపుల్లో మనమే అమ్మోనియం లవణాలు కలిపాం, తర్వాత ద్రావణంతో చేస్తే ప్రతిసారీ "ఉంది" అనే వస్తుంది.

ఏ లవణం ఇచ్చినా నాకు క్లోరైడ్ వస్తోంది. ఎందుకు?

రెండు కారణాలు వెతకండి. మొదటిది నీళ్ళు. తీరానికి దగ్గరి ఊళ్ళలో చాలాచోట్ల భూగర్భజలంలో ఉప్పు ఎక్కువ. బోరు నీళ్ళతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ కడగని పరీక్షనాళికలో సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి మబ్బు వస్తుంది. మీరు వాడే నీళ్ళనే ఒక నాళికలో తీసుకుని నత్రికామ్లం, సిల్వర్ నైట్రేట్ వేసి పక్కన పెట్టుకోండి. మీ లవణం ఇచ్చిన అవక్షేపం దానికంటే స్పష్టంగా చిక్కగా, పెరుగు తరకల్లా ఉంటేనే క్లోరైడ్.

రెండోది సోడియం కార్బొనేట్ సారం, అంటే ఆనయాన్ల పరీక్షకు తయారుచేసే ద్రావణం. లవణానికి రెండు మూడు రెట్లు సోడియం కార్బొనేట్ కలిపి, నీళ్ళు పోసి పది నిమిషాలు మరిగించి వడపోస్తారు. అందులో మిగిలిన కార్బొనేట్‌ను ఆమ్లంతో పూర్తిగా పోగొట్టకపోతే సిల్వర్ కార్బొనేట్ తెల్లగా పడుతుంది. బుడగలు ఆగేదాకా ఆమ్లం వెయ్యండి, లిట్మస్‌తో చూడండి. ఏ ఆమ్లం అన్నదీ ముఖ్యమే: సిల్వర్ నైట్రేట్ ముందు నత్రికామ్లం, బేరియం క్లోరైడ్ ముందు హైడ్రోక్లోరిక్, లెడ్ అసిటేట్ ముందు అసిటిక్.

నైట్రేట్ పరీక్షలో గోధుమ వలయం ఎందుకు రావడం లేదు?

ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం పాతదై ఉంటుంది. గాలికి ఫెర్రిక్‌గా మారిపోతుంది కాబట్టి అప్పటికప్పుడు కలుపుకోవాలి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నాళిక గోడ వెంట మెల్లగా జారవిడిచి, కదపకుండా ఉంచాలి. బ్రోమైడ్, అయొడైడ్ ఉంటే వాటి రంగులు మోసం చేస్తాయి, నైట్రైట్ కూడా వలయాన్ని ఇస్తుంది.

పర్మాంగనేట్ టైట్రేషన్‌లో రీడింగులు కలవడం లేదు.

బ్యూరెట్‌ను అందులో పోయబోయే ద్రావణంతో, పిపెట్‌ను తీయబోయే ద్రావణంతో, కోనికల్ ఫ్లాస్క్‌ను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాలి. ఫ్లాస్క్‌ను ఆక్సాలిక్ ఆమ్లంతో కడిగితే గోడలకు అంటినది కూడా లెక్కలో కలుస్తుంది. పిపెట్ చివర మిగిలే చుక్కను ఊదకండి. పర్మాంగనేట్ రంగు చిక్కన కాబట్టి ద్రవం పై అంచు చదవాలి, మొదటి రీడింగు, చివరి రీడింగు రెండూ అలాగే.

0.1 నార్మల్ ఆక్సాలిక్ ఆమ్లం 250 మి.లీ.కి 1.576 గ్రాములు తూచాలి. 20 మి.లీ. తీసుకుని అంతే సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60, 70 డిగ్రీలకు వేడిచేయాలి. మొదటి చుక్కల రంగు పోవడానికి కొంత సమయం పడుతుంది, కంగారుపడి ఇంకా పోయకండి. కొద్దిగా మాంగనస్ అయాన్ తయారయ్యాక అదే ఉత్ప్రేరకంగా పనిచేసి చర్య వేగం అందుకుంటుంది. గోధుమరంగు మడ్డి కనిపిస్తే ఆమ్లం తక్కువైందనో, పర్మాంగనేట్ మరీ వేగంగా పోశారనో అర్థం. అది మాంగనీస్ డయాక్సైడ్, ఆ ప్రయత్నం పారబోసి మళ్ళీ మొదలుపెట్టండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే క్లోరైడ్ కూడా ఆక్సీకరణం చెంది పర్మాంగనేట్‌ను తినేస్తుంది. లేత గులాబీ అర నిమిషం నిలిస్తే అంతిమ స్థానం. 0.1 మి.లీ. లోపు కలిసిన రీడింగులే లెక్కకు తీసుకోవాలి, కలవనివాటికి సగటు తీయకూడదు. ఉదాహరణకు 19.6 మి.లీ. ఖర్చయితే పర్మాంగనేట్ నార్మాలిటీ 0.1 × 20 ÷ 19.6 = 0.102.

మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) అయితే 250 మి.లీ. 0.1 నార్మల్‌కు 9.80 గ్రాములు. నీళ్ళకంటే ముందు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి కరిగించండి, లేకపోతే జలవిశ్లేషణతో ద్రావణం మబ్బుపడుతుంది. దీన్ని వేడిచేయకూడదు.

మా ఊరి బోరు నీళ్ళ కఠినత కొలవాలి. అంతిమ స్థానంలో నీలం రావడమే లేదు.

ప్రాజెక్టుగా దీన్ని తప్పకుండా చెయ్యమంటాం. 50 మి.లీ. నీళ్ళు, 2 మి.లీ. అమ్మోనియా బఫర్, సూచికగా చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ, బ్యూరెట్‌లో కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే 0.01 మోలార్ ఈడీటీఏ (250 మి.లీ.కి డైసోడియం లవణం 0.93 గ్రాములు). ద్రాక్షరంగు పూర్తిగా నీలం కావాలి. ఖర్చయిన మి.లీ.లను 20తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ లెక్కన కఠినత వస్తుంది: 17.4 మి.లీ. అయితే 348. తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం 200 వరకు ఆమోదయోగ్యం, వేరే వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి.

నీలం రాకపోతే ముందు పీహెచ్ 10 ఉందో లేదో చూడండి. పాత సీసాలో అమ్మోనియా ఆవిరైపోయి బఫర్ బలహీనపడుతుంది. అది సరిగ్గానే ఉంటే ఇనుమును అనుమానించండి. కాసేపు ఉంచితే పైన తుప్పురంగు తెట్టు కట్టే బోరు నీళ్ళలో ఇనుము ఉంటుంది. అది సూచికను ఈడీటీఏకు వదలకుండా గట్టిగా పట్టుకుంటుంది. బఫర్ కంటే ముందు కొద్దిగా ట్రైఇథనోలమైన్ కలిపితే ఇనుమును అది కట్టిపడేస్తుంది.

మన వాతావరణంలో తేమ వల్ల ఏమైనా తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. కాస్టిక్ సోడా బిళ్ళలు తూచేలోపే చెమర్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పీల్చుకుంటాయి. అందుకే అది ప్రాథమిక ప్రమాణం కాదు, సుమారుగా తూచి ఆక్సాలిక్ ఆమ్లంతో ప్రమాణీకరించాలి. ఫెర్రిక్ క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ సీసాల మూతలు వెంటనే బిగించండి. డెసికేటర్‌లోని నీలి సిలికా జెల్ గులాబీగా మారిందంటే అది పనిచేయడం మానేసింది: నీలి కోబాల్ట్ క్లోరైడ్ చుట్టూ నీటి అణువులు చేరాయి. ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర ఆరబెడితే నీలం తిరిగొస్తుంది.

ల్యాబ్‌లో నిజంగా ప్రమాదకరమైనది ఏది?

హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే జాగ్రత్తపడతాం కానీ, గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది. వాసన తగ్గిందంటే వాయువు తగ్గిందనుకోవడం ప్రాణాంతకం. ఫ్యూమ్ హుడ్ కింద, ఫ్యాన్ తిరుగుతుండగానే వాడండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కొద్దికొద్దిగా పోయాలి, ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు. కళ్ళద్దాలు లేకుండా నాళిక వేడిచేయొద్దు.

తెలుగు మీడియంలో చదివాను. పాఠాలు ఇంగ్లీషులో అర్థం కావడం లేదు.

కారణాన్ని ముందు తెలుగులో, మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసుకోండి. అర్థమైందో లేదో అక్కడే తేలుతుంది. తర్వాత అదే నాలుగు వాక్యాలను ఇంగ్లీషులో రాయండి. పదాలు తక్కువైనా చిత్రం, సమీకరణం, అంకె ఉన్న జవాబుకు మార్కులు వస్తాయి.

ఇదంతా మా ప్రాంతంలో ఎక్కడ పనికొస్తుంది?

పొలంలో, చెరువులో, కర్మాగారంలో. జింక్ సల్ఫేట్‌ను డీఏపీతో కలిపి వెయ్యొద్దని వ్యవసాయాధికారులు చెబుతారు. ఎందుకో మీరు ఇప్పుడు రాయగలరు: ఫాస్ఫేట్‌తో కలిసి జింక్ కరగని జింక్ ఫాస్ఫేట్ అవుతుంది, వరికి అందదు.

రొయ్యల చెరువు అడుగున నల్లబురద ఫెర్రస్ సల్ఫైడ్. గాలి అందనిచోట సూక్ష్మజీవులు సల్ఫేట్‌ను క్షయకరణం చేసి ఇచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్, ల్యాబ్‌లో మీరు రెండో గ్రూపుకు పంపేదే. చెరువులో అమ్మోనియా లెక్క కూడా మీకు తెలిసిన బఫర్ లెక్కే. అమ్మోనియం అయాన్ పీకేఏ (సగం అమ్మోనియం, సగం అమ్మోనియాగా ఉండే పీహెచ్) 9.25, అంటే 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.25లో ఒక శాతం, 8.25లో సుమారు 9 శాతం విషపూరితమైన అమ్మోనియా రూపంలో ఉంటుంది. మధ్యాహ్నం నాచు కార్బన్ డయాక్సైడ్‌ను వాడేసి పీహెచ్ పెంచినప్పుడు, మొత్తం అమ్మోనియా మారకపోయినా రొయ్యకు ప్రమాదం పెరుగుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్‌ది ఎదురు లెక్క, పీహెచ్ తగ్గితే దాని విషం ఎక్కువ. అందుకే సున్నం ఎంత వెయ్యాలన్నది పీహెచ్, క్షారత కొలిచాకే తేల్చాలి.

కాకినాడ వైపు ఎరువుల పరిశ్రమకు పునాది హేబర్ పద్ధతి: సహజవాయువును నికెల్ ఉత్ప్రేరకం మీద నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ తీయడం, ఇనుము ఉత్ప్రేరకాన్ని పాడుచేసే కార్బన్ మోనాక్సైడ్‌ను తొలగించడం, 400 నుంచి 500 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌తో కలపడం. తక్కువ ఉష్ణోగ్రతలో అమ్మోనియా దిగుబడి ఎక్కువని సమతాస్థితి చెబుతున్నా, చర్య వేగం కోసం ఆ వేడి తప్పదు.

వారానికి ఎంతసేపు చదవాలి, ఎలా?

పాఠం జరిగిన రోజే అరగంట, పుస్తకం మూసి చిత్రాలు గీయడానికి. ప్రాక్టికల్ రికార్డు ఆ రాత్రే రాయండి, వారం ఆగితే ఏ నాళికలో ఏ రంగు వచ్చిందో ఊహించి రాయాల్సి వస్తుంది, వైవాలో అది బయటపడుతుంది. ఎమ్మెస్సీ ఆలోచన ఉంటే రెండో ఏడాది నుంచి ఐఐటీ జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) పాత ప్రశ్నపత్రాల్లో అకర్బన ప్రశ్నలు మాత్రం విడిగా తీసి, ఒక పాఠం అయిన వారంలోనే ఆ పాఠం ప్రశ్నలు చెయ్యండి. తప్పు వచ్చినవాటికి జవాబు కాకుండా, మొదట్లో చెప్పిన మూడు ప్రశ్నల్లో ఏది వేసుకోకపోవడం వల్ల తప్పు వచ్చిందో పక్కన రాయండి.